జనవరి ఒకటి

మా క్లినిక్ రికార్డుల్లో
మూడు వేల నూట పన్నెండు మంది
జనవరి ఒకటినే పుట్టారు.
ముందు బగ్ అనుకున్నాను.

ఫుల్ స్టాక్ అంటే ఏంటబ్బాయ్ అని
బ్రాడీపేట మెస్సులో సుబ్బాయమ్మ గారు అడిగితే
ఆవిడ క్యారేజీనే చూపించాను.
పై గిన్నెలో పచ్చడి, అది జనం చూసే తెర.
మధ్య గిన్నెల్లో పప్పూ చారూ,
పైకీ కిందికీ కబుర్లు మోసేవి.
అడుగు గిన్నెలో అన్నం, డేటాబేస్.
"అన్నీ నువ్వే వండుతావా?"
వండుతాను, కడుగుతాను,
కారితే రాత్రి రెండింటికి లేచి తుడుస్తాను.
"జీతం మాత్రం ఒక్క గిన్నెకేగా" అంది.

కొత్తపేటలో స్కానింగ్ సెంటర్ మీద
మూడో అంతస్తు మా ఆఫీసు.
కింద బెంచీల మీద పరగడుపు మొహాలు.
వాళ్లని చూడకుండా మెట్లెక్కడం
మొదటి నెలలోనే అలవాటైంది.
పైకి వెళ్తే వాళ్లే నాకు
అడ్డ వరసలు, నిలువు గడులు.

మార్చిలో ఒక బుధవారం
యార్డు పక్కన క్లినిక్కి వెళ్లి చూసి రమ్మన్నారు.
నరసరావుపేట రోడ్డు మీద టిక్కీలు దించుతున్నారు.
గాలికి కూడా కళ్లున్నట్టు,
అవి మండుతున్నట్టు.
హెల్మెట్ తీయకముందే నాలుగు తుమ్ములు.

నేను రాసిన తెర ముందు
మీరాబీ రెండు వేళ్లతో టైపు చేస్తోంది.
ఎదురుగా చింతా రాహేలమ్మ,
మిరపకాయలకి తొడిమలు తీసే మనిషి.
పుట్టిన తేదీ?
"ఉప్పెనొచ్చిన ఏడాది, తల్లీ.
మా అమ్మ తాటిచెట్టు కరుచుకుని
తెల్లారేదాకా అట్టాగే ఉందంట.
నేను లోపల, నీళ్లు బయట."

మీరాబీ చివరిదాకా వింది.
నా తెర వినలేదు.
గడి కింద ఎర్రగీత గీసింది: తేదీ తప్పనిసరి.
ఆ గడి పక్కన చుక్కంత నక్షత్రం పెట్టింది నేనే,
రెండేళ్ల కిందట, ఇంటికెళ్లే తొందరలో, ఓ శుక్రవారం.
ఇంతమందికి జన్మనక్షత్రం
నా చేత్తోనే పడిందన్నమాట.

మీరాబీ ఒకటి కొట్టింది, మళ్లీ ఒకటి కొట్టింది.
"ఇట్టా కొడితే ఊరుకుంటుంది సార్."
ఊరుకుంది.

దగ్గు ఎన్నాళ్ల నుంచి?
"పదిహేను సీజన్ల నుంచి."
రోజులా, వారాలా, నెలలా?
నా తెరకి తెలిసినవి ఆ మూడే.
మీరాబీ వేలు కాసేపు గాల్లో ఆగి
నెలల మీద దిగింది.
బెజవాడలో వీడియో అవతల డాక్టరు గారు
పదిహేను నెలలనే చదువుకుని
ఒక సిరప్ రాయబోయారు.

నేను అడ్డుపడ్డాను.
సాధారణంగా నేను మాట్లాడను,
నా పని మాట్లాడుతుందనుకుంటాను.
"నెలలు కాదండీ, సీజన్లు. పదిహేనేళ్లు."
డాక్టరు గారి పెన్ను ఆగింది.
"ఎక్స్‌రే తీయించండి" అన్నారు.
రాహేలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని
నా వంక చూసింది,
ఈ పిల్లాడెవరన్నట్టు.

తేదీ తీసేయడం కుదరదన్నారు ఆఫీసులో,
బీమా వాళ్లు ఒప్పుకోరట.
ఉంచండి, పక్కన ఇంకో గడి పెడతాను అన్నాను.
"వాళ్లు చెప్పిన మాట" అని దానికి పేరు.
నక్షత్రం లేదు.

మొదటి రోజు ఆ గడి నిండా ప్రశ్నార్థకాలు.
ఉప్పెన, తాటిచెట్టు, అమ్మ,
అన్నీ వరసగా ప్రశ్నార్థకాలే.
అడుగు గిన్నెకి తెలుగు రాదు.
ఇన్నాళ్లూ నేనా సంగతి చూడనే లేదు,
అక్కడికి తెలుగు ఎప్పుడూ దిగలేదు గనక.
రాత్రంతా కూర్చుని మళ్లీ వండాను.
నాలుగింటికి, ఎవరూ లేని ఆఫీసులో,
ఉప్పెనొచ్చిన ఏడాది
ఒత్తులతో సహా తెర మీద నిలబడింది.

ఏ రిపోర్టూ ఆ గడిని లెక్కపెట్టదు.
నేను చదువుతుంటాను, అంతే.

నిన్న మీరాబీ ఫోన్ చేసింది.
సర్వర్ పడిందేమోనని గుండె జారింది.
"అది కాదు సార్,
స్టాఫ్ వివరాల్లో కూడా ఆ గడి పెడతారా?
నాదీ జనవరి ఒకటే, బళ్లో మేష్టారు వేసింది.
నేను పుట్టింది
పీర్లు లేచిన రాత్రంట."